థీసిస్ మనది, తాళం చెవి ఎవరిది?

1936లో లాహోర్‌లోని జాత్-పాత్ తోడక్ మండల్ తన వార్షిక సభకు అధ్యక్షత వహించమని బాబాసాహెబ్ అంబేడ్కర్‌ను పిలిచింది. ఆయన ఉపన్యాసం రాసి బొంబాయిలో అచ్చు వేయించి పెట్టుకున్నారు. సభకు ముందే దాన్ని చదివిన నిర్వాహకులకు కొన్ని భాగాలు మింగుడుపడలేదు. వాటిని తీసేయమని అడిగారు. ఆయన ఒప్పుకోలేదు. సభ రద్దయింది.

వేదిక పోయింది కానీ మాట పోలేదు. బాబాసాహెబ్ ఆ ఉపన్యాసాన్ని సొంత ఖర్చుతో పుస్తకంగా తెచ్చారు. తనకూ నిర్వాహకులకూ నడిచిన ఉత్తరాలను కూడా అందులోనే అచ్చు వేశారు. ఎవరు ఏ అభ్యంతరం చెప్పారో, తాను ఏమని జవాబిచ్చారో పాఠకులే చూసుకోవచ్చు. 1,500 ప్రతులు రెండు నెలల్లో అయిపోయాయి. గాంధీ 'హరిజన్' పత్రికలో విమర్శ రాశారు. 1937లో వచ్చిన రెండో ముద్రణలో ఆ విమర్శనూ, దానికి తన జవాబునూ బాబాసాహెబ్ కలిపారు. 1944లో మూడో ముద్రణ వచ్చింది. అదే 'అనిహిలేషన్ ఆఫ్ కాస్ట్'.

ఈనాటి యూనివర్సిటీ భాషలోకి మార్చి చూడండి. ద్వారపాలకులు తిప్పికొట్టిన రచనను రచయితే నేరుగా పాఠకుల ముందు పెట్టాడు. సమీక్ష అందరి కళ్ళ ముందు జరిగింది. విమర్శకు జవాబుతో కలిపి రెండో వెర్షన్ వచ్చింది. ప్రీప్రింట్ అని ఇప్పుడు మనం పిలుస్తున్న పద్ధతి పని చేసేది ఇలాగే. అప్పటికి ఆ పేరు లేదు, అంతే.

ఈ కథ ఎందుకు గుర్తు చేస్తున్నామంటే, ఇవాళ మన యూనివర్సిటీల్లో దళిత, ఆదివాసీ, బహుజన స్కాలర్లు ముందెన్నడూ లేనంతమంది పరిశోధన చేస్తున్నారు. రాస్తున్నారు. కానీ రాసినది ఎక్కడికి పోతోంది? ఐదేళ్ళు ఊళ్ళు తిరిగి, వాడల్లో కూర్చుని విన్న మాటలన్నీ ఒక పేపర్ అవుతాయి. ఆ పేపర్ ఏదో విదేశీ జర్నల్‌లో వస్తుంది. కాపీరైట్ కాగితం మీద సంతకం చేసిన మరుక్షణం అది పబ్లిషర్ సొత్తు. ఎవరి జీవితం గురించి రాశామో వాళ్ళ పిల్లలు డిగ్రీకొచ్చి ఆ పేపర్ చదవాలనుకుంటే డబ్బు కట్టమని స్క్రీన్ అడుగుతుంది.

ఈ సమస్యకు కేంద్ర ప్రభుత్వం చూపిన మందు 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్'. 2024 నవంబర్ 25న కేబినెట్ ఆమోదించింది. 2025, 2026, 2027 సంవత్సరాలకు కలిపి 6,000 కోట్ల రూపాయలు. 30 మంది పబ్లిషర్లకు చెందిన దాదాపు 13,000 జర్నళ్ళు. 6,300కు పైగా సంస్థలు, 1.8 కోట్ల మంది విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులు. ఇంతకుముందు ఐఐటీల్లో మాత్రమే దొరికే జర్నల్ ఇప్పుడు జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీలోనూ తెరుచుకుంటుందంటే అది మంచిదే. దాన్ని తక్కువ చేయాల్సిన పని లేదు.

కానీ మూడు విషయాలు అడగాలి. ఒకటి, ఇది ప్రభుత్వ సంస్థలకే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే మన పిల్లల్లో ఎంతోమంది ఉన్నది ప్రైవేటు కాలేజీల్లో. వాళ్ళు ఈ లెక్కలో లేరు. పీహెచ్‌డీ పట్టా తీసుకుని, పోస్టు రాక, ప్రైవేటు కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెప్పుకునే మన అక్కలూ అన్నలూ కూడా లేరు. రెండు, ఇది అద్దె. గడువు దాటాక మళ్ళీ డబ్బు కట్టకపోతే తలుపు మూసుకుంటుంది. మూడోది అసలైనది. ఈ పథకం చదివే హక్కును కొంటుంది. మనం రాసినది లోకానికి అందే దారి గురించి ఇంత శ్రద్ధ పెట్టదు. ప్రజల డబ్బుతో ప్రభుత్వ యూనివర్సిటీలో జరిగిన పరిశోధనను ప్రజల డబ్బుతోనే తిరిగి కొనుక్కోవడం ఏం న్యాయం?

'డబ్బు కట్టి ఓపెన్ యాక్సెస్‌లో వేయించుకోండి' అని పబ్లిషర్లు అంటారు. లెక్క చూద్దాం. 'నేచర్' జర్నల్ 2020లో ప్రకటించిన ధర ఒక్క పేపర్‌కు 9,500 యూరోలు. అప్పటి మారకంలో ఎనిమిది లక్షల రూపాయలకు పైగా. సెంట్రల్ యూనివర్సిటీలో నాన్-నెట్ ఫెలోషిప్ మీద బతికే పీహెచ్‌డీ స్కాలర్‌కు నెలకు వచ్చేది 8,000. అంటే ఎనిమిదేళ్ళు తిండి మానేసి దాచినా ఆ ఒక్క పేపర్‌కు సరిపోదు. అన్ని జర్నళ్ళూ అంత అడగవు, నిజమే. కానీ పదో వంతు అడిగినా అది మన హాస్టల్ గదిలోకి వచ్చే డబ్బు కాదు. చదివేవాడి ముందున్న గోడను తీసి రాసేవాడి ముందు కట్టారు.

ఈ రెంటికీ బయట ఇంకొక దారి ఉంది. 2002 ఫిబ్రవరిలో వెలువడిన బుడాపెస్ట్ ఓపెన్ యాక్సెస్ ప్రకటన దాన్ని మొదటి మార్గంగానే చెప్పింది. అది సెల్ఫ్ ఆర్కైవింగ్. రాసినవాళ్ళే తమ పేపర్ ప్రతిని అందరికీ అందుబాటులో ఉండే రిపాజిటరీలో భద్రపరచడం. దీనికి పైసా ఖర్చు లేదు. చాలా సందర్భాల్లో చట్టబద్ధం కూడా. అయినా మన స్కాలర్లలో చాలామందికి గైడ్లు ఈ మాట చెప్పరు.

ఒక పేపర్‌కు మూడు రూపాలుంటాయి. జర్నల్‌కు పంపే ముందు మన దగ్గరున్నది ప్రీప్రింట్. సమీక్షకుల సూచనల ప్రకారం దిద్ది, ఎడిటర్ అంగీకరించిన చివరి వర్డ్ ఫైలు యాక్సెప్టెడ్ మాన్యుస్క్రిప్ట్. పబ్లిషర్ పేజీలు కట్టి, లోగో వేసి ఇచ్చే పీడీఎఫ్ మూడోది. పబ్లిషర్లు గట్టిగా పట్టుకునేది ఈ మూడో దాన్నే. మొదటిదాన్ని ఎప్పుడైనా పెట్టుకోనిచ్చే జర్నళ్ళు చాలా ఉన్నాయి. రెండోదాన్ని కొన్ని వెంటనే, కొన్ని ఆరు నెలలకో ఏడాదికో, కొన్ని రెండేళ్ళకో పెట్టుకోనిస్తాయి. ఏ జర్నల్ ఏమంటుందో ఓపెన్ పాలసీ ఫైండర్ (పాత పేరు షెర్పా రోమియో) డేటాబేస్‌లో వెతికితే తెలుస్తుంది. కాబట్టి చివరి వర్డ్ ఫైలును పారేయకండి. మనకు హక్కు ఉన్నది దాని మీదే.

ఇది కొత్త ప్రయోగం కాదు. 1991 ఆగస్టులో భౌతికశాస్త్రవేత్త పాల్ గిన్స్‌పార్గ్ లాస్ అలమోస్‌లో ఆర్కైవ్ సర్వర్ మొదలుపెట్టినప్పటి నుంచి ఫిజిక్స్, గణితం నడుస్తున్నది ఇలాగే. వందేళ్ళుగా తేలని పాయింకారే కంజెక్చర్‌కు గ్రిగరీ పెరెల్మాన్ నిరూపణను 2002-03లో ఆ సర్వర్‌లోనే పెట్టాడు. ఏ జర్నల్‌కూ పంపలేదు. లోకంలోని గణితజ్ఞులు కూర్చుని సరిచూశారు, ఒప్పుకున్నారు. బ్రెజిల్‌లో 1990ల చివరలో మొదలైన సైయెలో ప్రజాధనంతో నడిచే ఉచిత జర్నళ్ళ వేదిక. 2020లో అది సొంత ప్రీప్రింట్ సర్వర్ తెరిచింది. మన దేశంలోనూ 2019లో ఇండియాఆర్కైవ్ వచ్చింది. సోషల్ సైన్సెస్‌కు సోక్‌ఆర్కైవ్ ఉంది. జెనీవా దగ్గరి సెర్న్ 2013 నుంచి నడిపే జెనోడో ఏ విషయాన్నైనా, ఏ భాషనైనా తీసుకుంటుంది, శాశ్వత గుర్తింపు సంఖ్యగా డీఓఐ ఇస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ఉచితంగా కనిపించేదంతా ప్రజలది కాదు. 1994లో మొదలైన ఎస్ఎస్ఆర్ఎన్‌ను 2016లో ఎల్సెవియర్ కొనేసింది. రీసెర్చ్‌గేట్, అకడమియా డాట్ ఈడీయూ వ్యాపార సంస్థలు. అక్కడ పెడితే పెట్టండి, కానీ అసలు ప్రతి లాభం కోసం నడవని చోట ఉండాలి.

మనకు ఇది మిగతావాళ్ళ కంటే ఎక్కువ ఎందుకు అవసరం? సోషల్ సైన్సెస్‌లో సిద్ధాంతం చేసే పని కొందరిదీ, సమాచారం మోసుకొచ్చే పని ఇంకొందరిదీ అయిందని గోపాల్ గురు 2002లో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో రాసిన వ్యాసం పెద్ద చర్చ లేపింది. ఆ పని విభజన జర్నళ్ళలోనూ ఉంది. వాడ నుంచి వచ్చిన స్కాలర్ తన సొంత భావనతో రాస్తే 'ఇది వ్యక్తిగతం, ఇది ఆవేశం' అనే మాటలతో పేపర్ తిరిగొస్తుంది. ఏడాది, రెండేళ్ళు గడిచిపోతాయి. ఈలోగా అదే ఆలోచన సెమినార్‌లో విన్న ఇంకొకరి పేరు మీద అచ్చవుతుంది. ఎవరికి చెప్పుకోవాలి? ఏ ఆధారం చూపాలి?

ప్రీప్రింట్ ఇచ్చే మొదటి రక్షణ ఇక్కడే ఉంది. ఫలానా తేదీన, ఫలానా పేరుతో, ఈ ఆలోచన ఈ రూపంలో ఉంది అని లోకానికంతా కనిపించే సాక్ష్యం అది. 'ఆన్‌లైన్‌లో పెడితే దొంగిలిస్తారు' అని మన పిల్లలు భయపడుతుంటారు. దొంగతనానికి అనుకూలం చీకటే. సినాప్సిస్ గైడు టేబుల్ మీద, డ్రాఫ్ట్ చాప్టర్ ఎవరి మెయిల్‌లోనో ఉన్నప్పుడే అది ఎవరిదో తేల్చడం కష్టం. తేదీ పడిన ప్రతి బయట ఉంటే ప్రశ్న ఎదుటివాడు ఎదుర్కోవాలి.

రెండోది భద్రత. రాతను కాపాడుకోవడం మన ఉద్యమానికి ఎంత ముఖ్యమో బాబాసాహెబ్ రాతప్రతులే చెబుతాయి. 1956లో ఆయన పోయేనాటికి ఎన్నో రచనలు అచ్చు కాలేదు. మహారాష్ట్ర ప్రభుత్వం రచనల సంపుటాల ప్రచురణ మొదలుపెట్టింది 1979లో. 'రిడిల్స్ ఇన్ హిందూయిజం' వెలుగు చూసింది 1987లో, అంటే ఆయన పోయిన దాదాపు 30 ఏళ్ళకు. కొన్ని రచనల్లో పేజీలు దొరకలేదని ఆ సంపుటాల్లోనే సంపాదకులు రాసుకోవాల్సి వచ్చింది. వసంత్ మూన్ వంటివాళ్ళు జీవితం ధారపోయకపోతే మనకు దక్కేది ఇంకా తక్కువ. అంతటి మనిషి రాతలకే ఆ గతి పట్టింది. మామూలు స్కాలర్ థీసిస్ సంగతి వేరే చెప్పాలా?

హైదరాబాద్ సంగతే తీసుకోండి. 2000 ఆగస్టు వరదల్లో బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీళ్ళు వచ్చి అపురూపమైన ఉర్దూ పుస్తకాలు, పత్రికలు తడిసి దెబ్బతిన్నాయి. ఒక్క చోట ఒక్క ప్రతి ఉంటే నీరో, నిప్పో, చెదపురుగో చాలు. భాగ్యరెడ్డి వర్మ కాలం నుంచి కారంచేడు, చుండూరు తర్వాత వచ్చిన కరపత్రాలు, చిన్న పత్రికల దాకా మన చరిత్రకు ఆధారాలు ఎక్కువగా ఇలా ఒక్కో ఇంట్లో, ఒక్కో ట్రంకుపెట్టెలో ఉన్నవే. వాటి మీద పని చేసే స్కాలర్లు తమ పేపర్‌తో పాటు, హక్కుదారుల అనుమతితో, ఆ పాత ప్రతుల స్కాన్లను కూడా రిపాజిటరీలో పెడితే తర్వాత వచ్చేవాళ్ళకు పునాది దొరుకుతుంది.

'శోధ్‌గంగ ఉంది కదా' అనొచ్చు. ఉంది. యూజీసీ 2009 నిబంధనల తర్వాత ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడుపుతున్న ఈ వేదికలో లక్షల థీసిస్‌లున్నాయి. దేశంలో జరిగిన మంచి పనుల్లో ఇదొకటి. కానీ అంతకుముందు టైప్ మెషీన్ మీద కొట్టించిన ఎన్నో థీసిస్‌లు ఇంకా లైబ్రరీ బీరువాల్లోనే ఉన్నాయి. తెలుగు థీసిస్‌లకు ఇంకో చిక్కు ఉంది. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లలో కొట్టించి తీసిన పీడీఎఫ్ కంటికి తెలుగులా కనబడుతుంది, కంప్యూటర్‌కు అర్థం లేని గుర్తుల్లా కనబడుతుంది. దాంట్లో 'మాదిగ' అని వెతికితే ఏమీ దొరకదు. ఉన్నా లేనట్టే. యూనికోడ్‌లో టైప్ చేయించడం, టైటిల్, సారాంశం తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఇవ్వడం చిన్న పనులే. కానీ ఆ చిన్న పని చేయకపోతే ఐదేళ్ళ కష్టం వెతికేవాడికి చేరదు.

అన్నీ తెరిచి పెట్టడమే న్యాయం అని మాత్రం మేము అనడం లేదు. మన పరిశోధనలో మనుషులున్నారు. అట్రాసిటీ కేసులో సాక్ష్యం చెప్పిన అవ్వ, భూమి గొడవలో పేరు బయటపెట్టొద్దన్న కూలీ, వెట్టి గురించి గొంతు తగ్గించి మాట్లాడిన తాత. లైంగిక హింస బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం చట్టప్రకారం నేరం కూడా. పేరు మార్చినా ఊరు, తేదీ, కేసు వివరాలు కలిపి చూస్తే మనిషి దొరికిపోవచ్చు. రిపాజిటరీలో ఒకసారి పెట్టింది వెనక్కి తీసుకోవడం దాదాపు కుదరని పని. అందుకే వ్యాసం తెరవండి, ఇంటర్వ్యూ టేపులు మూసి ఉంచండి. ఆదివాసీ పరిశోధకులు ప్రపంచవ్యాప్తంగా అడుగుతున్నదీ ఇదే: సమాచారం ఎవరిదో, దాని మీద అదుపు వాళ్ళకే ఉండాలి.

రెండో జాగ్రత్త. ప్రీప్రింట్ అంటే ఇంకా ఎవరూ సరిచూడనిది. 2020 జనవరి చివర్లో కరోనా వైరస్‌లో హెచ్ఐవీని పోలిన భాగాలున్నాయంటూ ఢిల్లీకి చెందిన పరిశోధకులు బయోఆర్కైవ్‌లో పెట్టిన పేపర్ రెండు మూడు రోజుల్లో వెనక్కి పోయింది, కానీ పుకారు మాత్రం లోకం చుట్టింది. కాబట్టి పెట్టే ముందు ఇద్దరు ముగ్గురు మిత్రులతో చదివించండి. సహ రచయితలందరి ఒప్పుకోలు తీసుకోండి. మీ జర్నల్ ప్రీప్రింట్‌ను ఒప్పుకుంటుందో లేదో చూసుకోండి. హ్యుమానిటీస్‌లో కొన్ని ఒప్పుకోవు. అప్పుడు అచ్చయ్యాక రెండో రూపాన్ని పెట్టొచ్చు.

ఇక వ్యవస్థను అడగాల్సినవి. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు ఢిల్లీ యూనివర్సిటీలోని ఒక జిరాక్స్ షాపు మీద కేసు వేశాయి. విద్యార్థులూ అధ్యాపకులూ నిలబడి కొట్లాడారు. కోర్సుకు అవసరమైన భాగాలను చదువు కోసం కాపీ తీసుకోవడం కాపీరైట్ చట్టం ఇచ్చిన మినహాయింపే అని 2016లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. చట్టం ఎప్పుడూ పబ్లిషర్ వైపే ఉండదని ఆ తీర్పు చూపింది. అదే కోర్టులో ఎల్సెవియర్, వైలీ, అమెరికన్ కెమికల్ సొసైటీ 2020 డిసెంబర్‌లో వేసిన కేసులో 2025 ఆగస్టులో సై-హబ్‌ను దేశంలో బ్లాక్ చేయమని ఆదేశం వచ్చింది. దొడ్డిదారి ఎప్పుడైనా మూసుకుపోతుంది. మనకు కావలసింది ముందు వాకిలి.

జర్మనీ 2014 జనవరి నుంచి అలాంటి వాకిలి ఒకటి పెట్టుకుంది. సగమైనా ప్రజాధనంతో జరిగిన పరిశోధనను అచ్చయిన 12 నెలల తర్వాత రచయిత తన యాక్సెప్టెడ్ మాన్యుస్క్రిప్ట్‌గా అందరికీ అందుబాటులో పెట్టుకోవచ్చు. కాంట్రాక్టులో పబ్లిషర్ వేరేలా రాయించుకున్నా ఆ హక్కు పోదు. మన 1957 కాపీరైట్ చట్టంలో ఇలాంటి సెక్షన్ లేదు. కావాలని పార్లమెంటును అడగాలి. బయోటెక్నాలజీ, సైన్స్ అండ్ టెక్నాలజీ విభాగాలు 2014 డిసెంబర్‌లోనే తమ నిధులతో జరిగిన పరిశోధనను రిపాజిటరీలో పెట్టాలని విధానం తెచ్చాయి. ఆ నియమం సోషల్ సైన్సెస్‌కూ, ఎస్సీ, ఎస్టీ ఫెలోషిప్‌లతో సహా ప్రభుత్వ ఫెలోషిప్‌లన్నింటికీ వర్తించాలి. అయితే అది స్కాలర్ నెత్తిన ఇంకో బరువుగా, ఫెలోషిప్ ఆపడానికి ఇంకో సాకుగా మారకూడదు. డిపాజిట్ చేసిపెట్టే పని లైబ్రరీ సిబ్బందిది కావాలి.

యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో థీసిస్‌కు ముందు పేపర్ అచ్చు కావాలన్న షరతు తీసేసింది. 2025 ఫిబ్రవరిలో కేర్ లిస్టును ఎత్తేసింది. కానీ అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూలో ఇంకా లెక్కబెట్టేది జర్నల్ పేపర్లనే. ఆ లెక్క కోసం మూడు వేలో ఐదు వేలో పుచ్చుకుని వారంలో అచ్చు వేసే జర్నళ్ళకు మన పిల్లలు డబ్బు కడుతున్నారు. యూనివర్సిటీలు పేపర్ల సంఖ్యను కాక, రిపాజిటరీలో తెరిచి చదవగలిగే రెండు మూడు మంచి రచనలను చూసి మనిషిని అంచనా వేస్తే ఆ దందా సగం తగ్గుతుంది.

చట్టం మారేదాకా ఆగాల్సిన పని లేదు. ఈ వారమే ఒక గంట కేటాయించండి. ఓఆర్‌సీఐడీ నంబర్ తీసుకోండి, అది ఉచితం. ఇప్పటిదాకా అచ్చయిన పేపర్ల వర్డ్ ఫైళ్ళు వెతికి ఒక్క చోట పెట్టండి. ఒక్కో జర్నల్ ఏమంటుందో చూసి, అనుమతి ఉన్నవాటిని డిపాజిట్ చేయండి. మన స్టూడెంట్ సంఘాలు ఫ్రెషర్స్ డేలు, జయంతులు చేసినట్టే ఏడాదికొక రోజు సీనియర్లను, జూనియర్లను కూర్చోబెట్టి ఈ పని చేయించవచ్చు. అధ్యాపకులు ముందు తమవి పెట్టి చూపిస్తే విద్యార్థులు అడగకుండానే నేర్చుకుంటారు.

'అనిహిలేషన్ ఆఫ్ కాస్ట్'ను ఇవాళ ఫోనున్న ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ఆయన బతికుండగా అచ్చయిన రచనల మీద కాపీరైట్ 2016తో తీరిపోయింది. కానీ ఆ పుస్తకం మన దాకా వచ్చింది కాపీరైట్ తీరిపోయినందుకు కాదు. లాహోర్‌లో వేదిక మూసుకుపోయిన రోజున రచయిత తన రాతప్రతిని సొరుగులో పెట్టి తాళం వేయలేదు, అందుకు. మన హార్డ్ డిస్కుల్లో పడి ఉన్న రాతలతో మనం ఏం చేస్తున్నామో ఎవరికి వారు చూసుకోవాలి.